గెలాక్సీ ఎం31: మధ్యస్థాయి ఫోన్‌ను నాలుగో ఏడు దాటాక చూస్తే

ఫోన్ల మీద వచ్చే సమీక్షలు దాదాపు అన్నీ పెట్టె విప్పిన మొదటి వారంలో రాసినవే. మొదటి వారంలో ఏ ఫోనైనా చురుగ్గానే ఉంటుంది. అప్పటికి మెమరీ ఖాళీగా ఉంటుంది, బ్యాటరీ కొత్తది, తెర మీద ఒక్క గీతైనా పడి ఉండదు. పదిహేను వేల రూపాయలను నెల జీతంలోంచి తీసి పెట్టే ఇంట్లో మాత్రం ఆ ఫోన్ నాలుగైదేళ్లు నడిచి తీరాలి, ఆ పైన ఇంట్లో మరొకరి చేతికైనా పనికి రావాలి. కాబట్టి ఈ స్థాయి ఫోన్‌ను దుకాణంలో ఎలా మెరిసిందన్న దాన్ని బట్టి కాక, మూడో ఏడు, నాలుగో ఏడు ఎలా నిలబడిందన్న దాన్ని బట్టి తూచాలన్నది నా అభిప్రాయం. అలా దీర్ఘకాలం వాడిన శాంసంగ్ గెలాక్సీ ఎం31 గురించే ఈ సమీక్ష.

ఈ ఫోన్ మన దేశంలో 2020 ఫిబ్రవరి 25న విడుదలై, మార్చి మొదటి వారంలో అమ్మకానికి వచ్చింది. తొలి అమ్మకాల్లో 6 జీబీ ర్యామ్ (యాప్‌లు నడిచేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ), 64 జీబీ నిల్వ ఉన్న రకం 14,999 రూపాయలకు, 128 జీబీ రకం దాని మీద మరో వెయ్యికి దొరికింది. ఆ వెంటనే 2020 ఏప్రిల్ 1 నుంచి మొబైల్ ఫోన్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 18 శాతానికి పెరగడంతో అన్ని కంపెనీల ధరలూ ఒక్క మెట్టు పైకి జరిగాయి. పన్ను పెరగకముందే కొందామన్న తొందర ఆ మార్చి నెలలో చాలామందికి ఉండేది. మేము తీసుకున్నది 128 జీబీ రకం. వెయ్యి రూపాయల తేడాకు నిల్వ రెట్టింపు అవుతున్నప్పుడు అందులో ఆలోచించవలసింది ఏమీ లేదు.

అప్పుడు ఇదే ధరకు గట్టి పోటీ ఉండేది. మార్చి 5న వచ్చిన రియల్‌మీ 6లో సెకనుకు 90 సార్లు తాజా అయ్యే తెర, 30 వాట్ల ఛార్జింగ్, ఆటలు ఆడేవారికి నచ్చే హీలియో జీ90టీ ప్రాసెసర్ ఉన్నాయి. మార్చి 12న వచ్చిన రెడ్‌మీ నోట్ 9 ప్రోలో స్నాప్‌డ్రాగన్ 720జీ ప్రాసెసర్, 6.67 అంగుళాల తెర, 5020 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్నాయి (ఎంఏహెచ్ అంటే బ్యాటరీ సామర్థ్యానికి కొలత). రెండూ 12,999 దగ్గర మొదలయ్యేవి. రెడ్‌మీ పేరు మీద మా ప్రాంతంలో కొంత మమకారం కూడా ఉంది, ఎందుకంటే 2015 నుంచి ఆ ఫోన్లు మాకు దగ్గరలోని శ్రీసిటీ పారిశ్రామికవాడలో తయారవుతూ వచ్చాయి. మా ఉన్నత పాఠశాలలో చదువుకున్న ఆడపిల్లలు కొందరు అక్కడి అసెంబ్లీ లైన్లలో ఉద్యోగం చేశారు. వేగం ఒక్కటే కొలమానమైతే ఆ రెండు ఫోన్లే ముందుంటాయి. ఎం31లోని ఎక్సినోస్ 9611 ప్రాసెసర్ అప్పటికే కొత్తది కాదు, దాని తెర సెకనుకు 60 సార్ల దగ్గరే ఆగిపోతుంది. అయినా దీన్ని ఎంచుకోవడానికి మూడు బలమైన కారణాలు కనిపించాయి. ఒకటి 6000 ఎంఏహెచ్ బ్యాటరీ, రెండోది ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే సూపర్ అమోలెడ్ తెర, మూడోది రెండు సిమ్ములతో పాటు మెమరీ కార్డుకు విడిగా చోటు ఉన్న ట్రే.

బ్యాటరీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కరోనాతో బడులు మూతబడటంతో 2020 వేసవి తరువాత మాలాంటి ఉపాధ్యాయులకు ఫోనే నల్లబల్ల అయింది. పొద్దుటి పూట వీడియో పాఠం, ఆ వెనుక పిల్లలు వాట్సాప్‌లో పంపే నోటుపుస్తకాల ఫోటోలు దిద్దడం, సాయంత్రం తల్లిదండ్రులకు ఫోన్లు, మధ్యలో శాఖ నుంచి వచ్చే యాప్‌లలో వివరాలు నింపడం, ఇంత పని మీద పడినా ఈ ఫోన్ పొద్దున ఛార్జి నింపితే రాత్రి పడుకునే వరకు గోడ వైపు చూడవలసిన అవసరం రానివ్వలేదు. మామూలు రోజుల్లో రెండో రోజు మధ్యాహ్నం దాకా వచ్చేది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లలో ఇది చిన్న సౌకర్యం కాదు.

ఇంతకన్నా పెద్ద లాభం నాలుగో ఏట బయటపడింది. లిథియం అయాన్ బ్యాటరీ వయసును సంవత్సరాలతో పాటు ఛార్జింగ్ చక్రాలతోనూ లెక్కించాలి. సున్నా నుంచి నూరు వరకు నింపితే ఒక చక్రం, సగం సగం రెండుసార్లు నింపినా అదే ఒక చక్రం. సాధారణంగా ఐదారు వందల చక్రాలు తిరిగేసరికి సామర్థ్యం మొదటిదానిలో 80 శాతం దగ్గరకు దిగుతుంది. చిన్న బ్యాటరీ ఉన్న ఫోన్‌ను రోజూ పూర్తిగా వాడి నింపేవారు ఏడాదిన్నరలోనే ఆ గీత చేరుకుంటారు. అదే పని చేసే పెద్ద బ్యాటరీ ఆ చక్రాలను నెమ్మదిగా ఖర్చు చేసుకుంటుంది, అరిగిన తరువాత కూడా దానిలో మిగిలేది చిన్న ఫోన్ కొత్తలో ఇచ్చినంత ఉంటుంది. మా ఎం31 ఇప్పటికీ సాయంత్రం వరకు నిలుస్తోందంటే కారణం ఇదే. ఫోన్ కొనేటప్పుడు ఛార్జింగ్ ఎంత వేగమని అందరూ అడుగుతారు గాని, బ్యాటరీ ఎంత పెద్దదని అడగడమే ఎక్కువ అవసరం.

దీనికి చెల్లించే మూల్యం లేకపోలేదు. పెట్టెలో ఇచ్చింది 15 వాట్ల ఛార్జర్. అంత పెద్ద బ్యాటరీని దానితో అడుగు నుంచి నింపాలంటే రెండు గంటలు దాటి మరో అరగంట పడుతుంది. పొద్దున్నే బస్సు అందుకోవలసిన వారు ముందు రాత్రే గుర్తు పెట్టుకోవాలి. మా రోహిణి కార్తె ఎండల్లో ఏ ఫోన్ అయినా వేడెక్కితే ఛార్జింగ్ ఇంకా మందగిస్తుంది. అలాంటప్పుడు పౌచ్ తీసి, పరుపు మీద కాకుండా చల్లటి గచ్చు మీద పెట్టడం మంచిది. వేడికి బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. బరువు మాత్రం 191 గ్రాములే. దీనికన్నా చిన్న బ్యాటరీ ఉన్న రెడ్‌మీ నోట్ 9 ప్రో 209 గ్రాములు తూగుతుంది. వెనుక గాజు పెట్టకుండా ప్లాస్టిక్ పెట్టడం ఇక్కడ కలిసివచ్చింది. గాజు వీపు చూడముచ్చటగా ఉంటుంది, అయితే ఎలాగూ మనం దానిని పౌచ్‌లోనే దాస్తాం. ప్లాస్టిక్ వీపు జారిపడినా పగలదు.

ఇక తెర. మూల నుంచి మూలకు 6.4 అంగుళాలు ఉన్న ఈ తెరలో 1080 నిలువు, 2340 అడ్డు వరుసల చుక్కలు ఉన్నాయి, అంటే అంగుళానికి సుమారు 400 చుక్కలు. ఇంగ్లీషు చదివేవారికి ఇంతకన్నా తక్కువ సాంద్రత కూడా సరిపోతుంది గాని, తెలుగు చదివేవారికి ఈ లెక్క నిజంగా అవసరం. మన అక్షరం పక్కకే కాక కిందికి కూడా పెరుగుతుంది. ‘రాష్ట్రం’ అన్న మాటలో ష కింద ట వత్తు, దానిని చుట్టుకుని క్రారవడి, అన్నీ ఒక్క అక్షరం చోటులో ఇమడాలి. 720 వరుసల చవక తెర మీద చిన్న సైజులో ఆ వత్తులు కలిసిపోయి నల్లటి ముద్దలా కనబడతాయి, నలభై దాటిన కళ్లు వాటిని పోల్చుకోలేక మాటను ఊహించి చదువుతాయి. ఎం31 మీద అదే మాటలో వత్తు కొస, క్రారవడి కొక్కెం విడివిడిగా తెలుస్తాయి. దినపత్రిక ఈ-పేపర్‌ను పూర్తి పేజీగా తెరిచి, ఒక్కసారి మాత్రమే పెద్దది చేసి చదువుకోగలిగాము. ఫోన్ కొనబోయేవారు దుకాణంలో ఆడించి చూపే రంగురంగుల వీడియోను పక్కన పెట్టి, ఒక తెలుగు వార్తను తెరిచి, అక్షరాల సైజు తగ్గించి చూస్తే తెర అసలు గుణం తెలుస్తుంది.

అమోలెడ్‌లో నలుపు నిజంగా నలుపే, ఎందుకంటే నల్లగా కనిపించవలసిన చోట చుక్కలు పూర్తిగా ఆరిపోతాయి. ఎండలో బస్టాపులో నిలబడినా చదవగలిగినంత వెలుగు ఉంది. అయితే ఈ తెర పగిలితే ఖర్చు వెనుక దీపంతో వెలిగే మామూలు ఎల్‌సీడీ తెర కన్నా చాలా ఎక్కువ. అధీకృత సర్వీసు కేంద్రంలో మార్పించడానికి మాకు ఫోన్ కొన్న ధరలో నాలుగో వంతుకు పైగానే అయింది. ఇదే ఫోన్ వాడే మా సహోపాధ్యాయురాలు ఆ ఖర్చు విని, ఊళ్లోని ఒక రిపేరు దుకాణంలో సగం ధరకే ‘ఒరిజినల్ కాంబో’ (తెర, పైగాజు కలిసి ఉన్న సెట్టు) వేస్తామంటే వేయించుకున్నారు. నాలుగు రోజులకు బ్యాటరీ తొందరగా దిగిపోతోందని నా దగ్గరకు తెచ్చారు. గదిలో దీపం ఆర్పి, పూర్తిగా నల్లగా ఉన్న బొమ్మ ఒకటి తెరిచి చూస్తే తెర అంతా బూడిద రంగులో వెలుగుతోంది, అంచుల్లో వెలుతురు ఇంకా చిక్కగా ఉంది. వేసింది అమోలెడ్ కాదు, వెనుక దీపంతో నడిచే టీఎఫ్‌టీ నకలు. పైకి గడియారం మాత్రమే చూపించవలసిన ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే ఆ నకలు తెర మీద మొత్తం దీపాన్ని రోజంతా వెలిగించే ఉంచుతోంది, బ్యాటరీ దిగిపోవడానికి కారణం అదే. పైగా నకలు తెర మందం ఎక్కువ కావడంతో ఒక పక్క అంచు పైకి లేచి గోరు దూరేంత సందు వచ్చింది. దుకాణంలో డబ్బు ఇవ్వకముందే ఈ నల్ల బొమ్మ పరీక్ష చేయమని అడగడం కొనుగోలుదారు హక్కు. వేలిముద్ర తెర కిందనే ఉండే ఫోన్లలో ఇలాంటి నకలు వేస్తే ఆ వేలిముద్ర కూడా పనిచేయదు. ఎం31లో అది వీపు మీద ఉండటం వల్ల ఆ ఒక్క కష్టం తప్పింది.

తెలుగు రాయడం గురించి రెండు మాటలు. ఫోన్ మొత్తాన్ని తెలుగులోకి మార్చుకునే వీలుంది, కాకపోతే సెట్టింగుల్లో కొన్ని పొడవాటి మాటలు చోటు చాలక మధ్యలో తెగిపోతాయి. కంపెనీ కీబోర్డులో తెలుగు ఉన్నా, నేను గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌కే అలవాటుపడ్డాను. అక్షరాల కీబోర్డు, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెచ్చుకునే పద్ధతి, వేలితో తెర మీద రాసే పద్ధతి, మాట్లాడి రాయించే పద్ధతి అన్నీ అందులో ఉన్నాయి. మాటను రాతగా మార్చే సౌకర్యం తెలుగుకు 2017లో వచ్చింది. మా అత్తగారు వేలితో రాసే పద్ధతినే వాడతారు, పలకతో చదువు మొదలుపెట్టిన తరానికి అది సులువుగా పట్టుబడుతుంది. ఈ ఫోన్ మొదటి రెండేళ్లు కీబోర్డును తడుముకోకుండా పైకి తెచ్చేది. ఇప్పుడు వాట్సాప్‌లో మాట కొట్టబోతే కీబోర్డు పైకి రావడానికి ఒక క్షణం ఆగుతుంది. ప్రాసెసర్ వయసు మొట్టమొదట తెలిసేది ఇలాంటి చోటే, ఆటల్లో కాదు.

6 జీబీ ర్యామ్ ఉండటం ఈ ఫోన్‌ను కాపాడింది. ఆ రోజుల్లో పన్నెండు, పదమూడు వేలకు 4 జీబీతో కొన్న ఫోన్లు మా పాఠశాలలో మూడో ఏటికే హ్యాంగ్ అవుతున్నాయని పక్కన పడ్డాయి. ఎం31 నెమ్మదిస్తుందే గాని ఆగిపోదు. ఒక యాప్‌లోంచి ఇంకో యాప్‌కు పోయి తిరిగి వస్తే చాలాసార్లు మొదటిది వదిలిన చోటే ఉంటుంది.

నిల్వ విషయంలో విడి కార్డు చోటు ఎంత మేలో చెప్పలేను. చాలా ఫోన్లలో రెండో సిమ్ కావాలా, కార్డు కావాలా అని ఒకటి వదులుకోవలసి వస్తుంది, ఇక్కడ 512 జీబీ దాకా కార్డు వేసినా రెండు సిమ్ములూ ఉంటాయి. అయితే కార్డు ఉందని 64 జీబీ రకం కొనడం సరికాదు. వాట్సాప్ తన ఫోటోలను, వీడియోలను ఫోన్ లోపలి నిల్వలోనే పెడుతుంది, దానంతటది కార్డులోకి పంపదు. శుభోదయం బొమ్మలు, పెళ్లి వీడియోలు, పాఠశాల గ్రూపుల పత్రాలు కలిసి ఏడాదికే లోపలి చోటును మింగేస్తాయి. లోపలి నిల్వ పదో వంతుకన్నా తక్కువ మిగిలితే ఫోన్ మొత్తం మందగిస్తుంది. నెలకొకసారి వాట్సాప్ సెట్టింగుల్లోని నిల్వ విభాగానికి వెళ్లి పెద్ద వీడియోలను ఏరి తీసేసి, ఉంచుకోవలసిన వాటిని కార్డులోకి పంపితే ఫోన్‌కు మళ్లీ ఊపిరి వస్తుంది. నేను చూసిన పాత ఫోన్లలో సగం జబ్బు ఇదే.

కెమెరా గురించి పెట్టె మీద పెద్ద అక్షరాలతో 64 మెగాపిక్సెల్ అని ఉంటుంది. నిజానికి మామూలుగా తీసే ఫోటో 16 మెగాపిక్సెల్‌దే. నాలుగేసి చుక్కలను ఒకటిగా కలిపి వెలుతురు ఎక్కువ పట్టుకునేలా చేసిన ఏర్పాటు అది. పగటి ఫోటోలు ఇప్పటికీ బాగుంటాయి. 123 డిగ్రీల వెడల్పు కెమెరాతో కల్యాణమండపంలో వేదిక, అరటి స్తంభాలు, ముందు వరుస బంధువులు అందరూ వెనక్కి జరగకుండానే ఫోటోలో పడతారు. రాత్రి ఊరేగింపులో మాత్రం చేయి కదిలితే ముఖాలు చెదిరిపోతాయి, వణుకును సర్దే కటకం ఇందులో లేదు. మిగిలిన రెండు 5 మెగాపిక్సెల్ కెమెరాలు నేను వాడినది అరుదు.

చెవిలో పెట్టుకునే తీగకు 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉండటం ఆన్‌లైన్ పాఠాల రోజుల్లో చాలా ఉపయోగపడింది, ఎందుకంటే తీగ పెట్టి ఒకవైపు ఛార్జి చేసుకుంటూనే మరోవైపు మాట్లాడవచ్చు. మాట స్పష్టత విషయంలో ఏ ఇబ్బందీ రాలేదు.

ఇంతకాలం నడిచే ఫోన్‌కు అసలు ఆయువు సాఫ్ట్‌వేర్‌తోనే ముడిపడి ఉంటుంది, మధ్యస్థాయి ఫోన్లు కొనేవారు అడగని ప్రశ్న కూడా అదే. ఎం31 ఆండ్రాయిడ్ 10తో వచ్చి, 11కు, ఆ పైన 12కు ఎదిగి అక్కడ ఆగింది. నాలుగేళ్ల భద్రతా అప్‌డేట్లు ఇస్తామని శాంసంగ్ 2021 ఫిబ్రవరిలో ప్రకటించింది కాబట్టి, ఆ లెక్కన 2024తో ఈ ఫోన్‌కు ఆ రక్షణ కూడా ముగిసినట్టే. ఇది వినడానికి చిన్న విషయంలా ఉన్నా, ఈ రోజు మన ఫోనే మన బ్యాంకు పాసుపుస్తకం. భద్రతా అప్‌డేట్లు ఆగిన ఫోన్‌లో కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు ఉండదు. ఆ కారణంగా మా ఇంట్లో జీతం పడే ఖాతాను ఈ ఫోన్‌లోని యూపీఐ నుంచి తీసివేసి, కూరగాయలకు, బస్సు చార్జీలకు సరిపోయేంత డబ్బు ఉండే చిన్న ఖాతాను మాత్రమే ఉంచాం. లింకులో వచ్చే యాప్‌లను, ముఖ్యంగా శుభలేఖ పేరుతోనో కరెంటు బిల్లు పేరుతోనో వాట్సాప్‌లో వచ్చే ఫైళ్లను ఇందులో ఎట్టి పరిస్థితుల్లోనూ ఎక్కించకూడదు. ఫోన్ బాగానే నడుస్తోంది కదా అని పాత ఫోన్‌ను అమ్మానాన్నలకు ఇచ్చేవారు ఈ ఏర్పాటు చేసి మరీ ఇవ్వాలని గట్టిగా కోరుతున్నాను, ఎందుకంటే మోసగాళ్లు ఎంచుకునేది ఆ వయసు వారినే.

5జీ ఇందులో లేదు. మన దేశంలో 5జీ మొదలైంది 2022 అక్టోబరు 1న, ఈ ఫోన్ కొన్న రెండున్నరేళ్ల తరువాత. 4జీలో పాఠాలు, వీడియోలు, చెల్లింపులు అన్నీ సాగుతున్నాయి కాబట్టి దాని కోసమే ఫోన్ మార్చవలసిన పని నాకు కనిపించలేదు.

ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో ఎం31 దొరికితే కొనవచ్చా అని అడిగేవారికి, ప్రధాన ఫోన్‌గా వద్దనే చెబుతాను. పిల్లల పాఠాలకో, పాటలకో, పుస్తకాలు చదువుకోవడానికో అయితే తీసుకోవచ్చు. అప్పుడు కూడా *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐని (ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) కేంద్ర టెలికాం శాఖ 2023 మేలో తెచ్చిన సంచార్ సాథీ పోర్టల్‌లో అది దొంగ ఫోన్ కాదని సరిచూసి, నల్ల బొమ్మ పరీక్ష చేసి తీసుకోవాలి.

కొత్తది కొనాలంటే ఇదే వరుసలో 2024 జూలైలో వచ్చిన గెలాక్సీ ఎం35 5జీ ఈ పాత ఫోన్‌కు నిజమైన వారసుడు. అదే 6000 ఎంఏహెచ్ బ్యాటరీ, 120 సార్లు తాజా అయ్యే అమోలెడ్ తెర, నాలుగు ఆండ్రాయిడ్ మార్పులు, ఐదేళ్ల భద్రతా అప్‌డేట్ల హామీ ఉన్నాయి. అయితే పెట్టెలో ఛార్జర్ లేదు, ఇయర్‌ఫోన్ రంధ్రం లేదు, కార్డు వేస్తే రెండో సిమ్ వదులుకోవాలి. 2025 మార్చిలో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఏ36కు ఆరేళ్ల అప్‌డేట్ల హామీ ఉంది గాని కార్డు చోటే లేదు. ఒకవైపు ఆయువు పెంచి, మరోవైపు సౌకర్యాలు తగ్గిస్తున్నారన్న అసంతృప్తి నాకు గట్టిగానే ఉంది. అయినా కార్డు చోటుకు, ఒక ఏడాది అదనపు భద్రతకు మధ్య ఎంచుకోవలసి వస్తే నేను రెండోదే ఎంచుకుంటాను. కార్డు లోటును 256 జీబీ రకంతో పూడ్చుకోవచ్చు, ఆగిపోయిన అప్‌డేట్లను మాత్రం డబ్బు పెట్టినా తెచ్చుకోలేం.